గర్భిణుల రక్తహీనత: కొండసీమ, మైదానసీమ

గర్భవతి మోము పాలిపోవుటను మన పూర్వకవులు సౌందర్యముగ వర్ణించినారు. కాళిదాస మహాకవి రఘువంశ తృతీయ సర్గమునందు సుదక్షిణాదేవి గర్భచిహ్నములను జెప్పుచు, ఆమె ముఖము తెల్లవాఱుటను, ఆమె మట్టిని రుచిచూచుటను మిక్కిలి మనోహరముగ జెప్పెను. కావ్యము చదువునపుడు ఆనందింపవలసినదే. కాని ఆ రెండు చిహ్నములును మన యింటి కోడలియందో కూతునందో కానవచ్చినపుడు మురిసి యూరకుండరాదు. పాలిపోయిన మోమును, మట్టి, బలపము, సున్నము, పచ్చిబియ్యము తినవలెనను కోరికయు రక్తమున ఇనుము తక్కువైనదని తెలుపు గుర్తులు కావచ్చునని నేటి వైద్యులు చెప్పుచున్నారు. సుదక్షిణకు ప్రక్కన రాజవైద్యులు గలరు. ఖమ్మము, భద్రాచలముల నడుమ అడవియంచున కట్టెలమోపు నెత్తిన బెట్టుకొని నడచు నిండుచూలాలికి మనమే తోడు గావలెను.

ఇది అల్పవిషయము గాదు. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమునందు భారతదేశపు గర్భిణులలో నూటికి 52.2 మంది రక్తహీనలని తేలినది. అంతకు పూర్వము 2015-16లో జరిగిన పరిశీలనమున ఈ సంఖ్య 50.4. అనగా తగ్గవలసినది కొంచెము హెచ్చినది. తెలంగాణమునందును, ఆంధ్రప్రదేశమునందును గూడ సగమునకు మించిన గర్భిణు లీ లెక్కలో జేరినవారే. ఒక పేరంటమునకు పదిమంది గర్భవతులు వచ్చినచో, వారిలో నైదుగురికి రక్తము చాలదన్నమాట. పట్టుచీరలును, పూలజడలును ఆ కొఱతను కప్పును గాని తీర్పవు.

హిమోగ్లోబిన్ అన నేమి?

రక్తమునకు ఎఱుపుదనమిచ్చునది హిమోగ్లోబిన్. ఇది ఇనుముతో గూడిన యొక మాంసకృత్తు. ఊపిరితిత్తులలో ప్రాణవాయువును గ్రహించి శరీరమందలి యన్ని భాగములకును జేర్చుట దీని పని. గోదావరి రేవున సరకు నెత్తుకొని ఊరూరికి దింపు పడవలవంటి విది. పడవలు తగ్గినచో ఊళ్లకు సరకు చేరదు. హిమోగ్లోబిన్ తగ్గినచో ఆయాసము, కళ్లు తిరుగుట, గుండెదడ, కాళ్లవాపు, ఏ పనియందును ఆసక్తి లేకుండుట మున్నగునవి తలచూపును. "వేవిళ్లలో నెవరికైన నింతే"యని పెద్దలు త్రోసివేయు బాధలలో కొన్ని నిజముగ రక్తహీనతవలన గలిగినవే.

గర్భము నిలిచిన పిదప స్త్రీ శరీరమున రక్తమందలి ద్రవభాగము నూటికి నలువది మొదలు ఏబదిపాళ్ల వఱకు పెరుగును. ఎఱ్ఱకణములును పెరుగును గాని యంతగా పెరుగవు. చిక్కని పప్పుపులుసులో నీళ్లు పోసినచో పులుసు హెచ్చును, చిక్కదనము తగ్గును. నడిమి మాసములందు గర్భిణి రక్తమునకు గలుగు మార్పు ఇట్టిదే. అందుచేత ఆమెకు కొలత కొంచెము వేఱుగ నుంచినారు. సాధారణ స్త్రీకి నూఱు మిల్లీలీటర్ల రక్తమున 12 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండవలెను. గర్భిణికి మొదటి మూడు మాసములందును, చివరి మూడు మాసములందును 11 గ్రాములును, నడిమి మూడు మాసములందు 10.5 గ్రాములును ఉన్నచో చాలునని 2024లో ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయించినది. 7 గ్రాములకు లోబడినచో తీవ్రమైన రక్తహీనత. 5 గ్రాములకు తగ్గినచో ఎన్నవ నెలయైనను వెంటనే ఆసుపత్రిలో జేర్పవలసినదే.

తీవ్ర రక్తహీనత యెందులకు ప్రాణాంతకమో స్త్రీలమైన మనకు సులభముగ బోధపడును. ప్రసవ సమయమున ప్రతి తల్లికిని కొంత రక్తము పోవును. నిండుకుండలో నుండి రెండు చెంబులు ముంచినను కుండ నిండుగనే కనిపించును. అడుగంటిన కుండలో రెండు చెంబులు ముంచినచో నేమి మిగులును? ఆరోగ్యవతి తట్టుకొనగల రక్తస్రావమే రక్తహీనురాలిని బలిగొనును. ఆమెకు పుట్టు బిడ్డయు నెలలు నిండకయో, బరువు చాలకయో పుట్టు భయము గలదు.

ఎత్తును బట్టి మాఱు కొలత

ఈ 11 గ్రాముల కొలత భూమిపై నెల్లయెడల నొక్కటి గాదు. పర్వతములపైకి బోయినకొలది గాలియొత్తిడి తగ్గును. గాలిలో ప్రాణవాయువు పాలు అంతయే యున్నను, ఒక్క యూపిరిలో లోపలికి వచ్చునది తక్కువ. అపుడు మూత్రపిండములు ఒక హార్మోనును విడిచి, ఎముకలలోని మజ్జచేత నెక్కువ ఎఱ్ఱకణములను పుట్టించును. రేవులో సరకు పలుచబడి ఒక్కొక్క పడవ సగమే నిండునపుడు అంతే సరకు చేర్చుటకు పడవల సంఖ్య పెంచవలెను గదా! వియో అను ఫ్రెంచి వైద్యుడు దక్షిణ అమెరికాలోని పెరూదేశపు పర్వతములపై సుమారు 4,500 మీటర్ల ఎత్తున కొన్ని వారములుండి, తన రక్తమున ఎఱ్ఱకణములు మిక్కిలి పెరుగుటను గనుగొని 1890లో ఆ సంగతిని ప్రకటించెను.

అందుచేత కొండలపై నివసించు గర్భిణికి కొలతను పెంచి చూడవలెను. 2024 నాటి నిర్ణయము ప్రకారము సముద్రమట్టమునకు 500 మొదలు 999 మీటర్ల ఎత్తుగల చోటులకు 0.4 గ్రాము కలుపవలెను. 1,000 మొదలు 1,499 మీటర్ల వఱకు 0.8 గ్రాము, 3,500 మీటర్లు మొదలు 2.5 గ్రాములు. లడాఖునందలి లేహ్ పట్టణము సుమారు 3,500 మీటర్ల ఎత్తుననున్నది. అచ్చటి గర్భిణి రక్తమున 12 గ్రాములున్నను ఆమె రక్తహీనయే. మన యూరి కొలతతో జూచినచో ఆమెను పూర్ణారోగ్యవతి యని పంపివేయుదుము. ఇందును కొంత విచిత్రము గలదు. టిబెట్టుదేశీయులు తరతరములుగ నా యెత్తున నివసించుటచే వారి దేహతత్త్వమే మాఱి, పెరూ పర్వతవాసులంతగా వారి రక్తము చిక్కబడదు. రక్తము మితిమీఱి చిక్కబడుటయు తల్లికిని శిశువునకును మేలు గాదు.

ఇంత దూరపు పర్వతముల కథ మన కెందులకని సోదరీమణు లడుగవచ్చును. మన తెలుగుసీమయందే యీ భేదము గలదు. భద్రాచలము గోదావరి యొడ్డున సముద్రమట్టమునకు సుమారు 50 మీటర్ల ఎత్తున నున్నది. ఖమ్మము 100 మీటర్ల పైచిలుకు. ఇచ్చట కలుపవలసిన దేమియు లేదు. అచ్చటినుండి తూర్పుగా మన్యపు కొండలలోనికి బోయినచో పాడేరు, అరకు ప్రాంతములు సుమారు 900 మీటర్ల ఎత్తున గలవు. లంబసింగి ఇంచుమించు 1,000 మీటర్లు. పూర్వపు లెక్కలో 1,000 మీటర్లకు లోబడిన చోటులకు ఏమియు కలుపుట లేదు. కొత్తలెక్క ప్రకారము పాడేరు గర్భిణికి చివరి మాసములందు 11 గాక 11.4 ఉండవలెను. భద్రాచలమున 11.2 గల గర్భిణి క్షేమముగ నున్నట్లు, పాడేరున 11.2 గల గర్భిణి మందు వాడవలసినట్లు. కొలత యొక్కటి, అర్థము రెండు. కొండప్రాంతములకు ఉద్యోగరీత్యా బదిలీయై పోవు కుటుంబముల స్త్రీలును దీనిని గుర్తుంచుకొనవలెను.

"కొండవారికి కష్టముచేసిన దేహము, గట్టిరక్తము, వారికేమి లోటు?" అని మైదానపు వారనుట కలదు. ఇది పొరపాటు. కొండ ఎక్కువ రక్తమును కోరునేగాని దానిని తానుగ ఈయదు. రక్తము పుట్టుటకు ఇనుము గావలెను, ఇనుము తిండివలన రావలెను. తిండి కొఱవడిన గూడెమున ఎత్తు ఒక అదనపు పన్ను వంటిది: కోరునది ఎక్కువ, చేతనున్నది తక్కువ.

అడవియంచున గల కారణములు

ఖమ్మము, భద్రాచలము అడవుల యంచున కోయలు, కొండరెడ్లు మున్నగు జాతులవారు నివసించుచున్నారు. కోయలలో పెక్కుమంది దిగువ పల్లెలలో నుందురు. కొండరెడ్ల గూడెములు కొన్ని పాపికొండల వైపు గుట్టలపై నుండును. మిరపకోతల కాలమున ఛత్తీసుగఢు నుండి గూడ కూలిజనము కుటుంబములతో ఖమ్మము ప్రాంతమునకు వచ్చును. ఆ గుంపులలో నిండుచూలాళ్లును ఉందురు. ఈ దిగువ సీమలో ఎత్తువలన చిక్కులేదు. అయినను రక్తహీనత విస్తారముగ నున్నది. దీనికి కారణములు వేఱు.

మొదటిది చలిజ్వరము, అనగా మలేరియా. ఇది ఎఱ్ఱకణములలో దూఱి వానిని పగులగొట్టును. గర్భిణికి వచ్చినచో మావియందు జేరి శిశువునకు పోషణమును దగ్గించును. రెండవది కొంకిపురుగు. పాదరక్షలు లేక తడిమట్టిలో నడచునపుడు చర్మముద్వారా దేహమున బ్రవేశించి, పేగులను బట్టుకొని, దినదినమును కొంచెముగ రక్తమును బీల్చును. మూడవది కొడవలి కణముల రక్తహీనత. ఇది పుట్టుకతో వచ్చునది. గిరిజన కుటుంబములలో హెచ్చుగ గానవచ్చును. దక్షిణభారతమున దీనిని మొదట 1952లో నీలగిరి గిరిజనులలో గుర్తించినారు. తలిదండ్రు లిరువురును ఈ లక్షణమును మోయువారైనచో, ప్రతి కాన్పునందును నాల్గింట నొకపాలు బిడ్డకు వ్యాధి రాగలదు. దీనికి ఇనుపమాత్ర మందు గాదు. కనుక ఎంత మందు వాడినను రక్తము పెరుగని గర్భిణికి ఈ పరీక్ష చేయింపవలెను. ఈ వ్యాధి నివారణమునకై 2023 జూలై 1వ తేదీన కేంద్రప్రభుత్వము ఒక జాతీయోద్యమమును ఆరంభించినది. నాల్గవది ఎడములేని కాన్పులు. ఒక గర్భము మొత్తమునకు సుమారు 1,000 మిల్లీగ్రాముల ఇనుము ఖర్చగును. ఆ ఋణము తీఱకముందే మఱియొక గర్భము నిలిచినచో అసలుపై వడ్డీ చేరినట్లగును.

వీనికి తోడు దూరము. భద్రాచల ప్రాంతము 1959 వఱకు తూర్పుగోదావరి జిల్లాలో నుండెను. పిదప ఖమ్మము జిల్లాలో జేరినది. 2014లో కొన్ని మండలములు ఆంధ్రప్రదేశమునకు బోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది. సరిహద్దు లెన్నిమార్లు మాఱినను నొప్పులు వచ్చిన గర్భిణి దారి మాఱలేదు. చుట్టుప్రక్కల రాష్ట్రములవారును భద్రాచలపు ఆసుపత్రికే వత్తురు. బాటలేని గూడెములనుండి డోలీలో మోసికొని వచ్చుట నేటికిని వినుచున్నాము. అట్టి ప్రయాణమున రక్తము తక్కువైన తల్లికి ప్రతి గడియయు గండమే.

ఈ విషయమున భయముకంటె అపోహ యెక్కువ కీడు చేయుచున్నది. మా గ్రామమునకు వారపుసంతలో చింతచిగురు అమ్మవచ్చు నొక గర్భిణిని ఒకసారి పలుకరించితిని.

"ఎన్నో నెలమ్మా?"

"ఏడు పడింది పంతులమ్మా."

"ఎఱ్ఱమాత్రలు వేసుకుంటున్నావా తల్లీ?"

"ఇచ్చిన్రు. రెండు దినాలు ఏసుకున్న. దొడ్డికి నల్లగ పోయింది. బిడ్డ కూడ నల్లగ పుడతదని మా అత్త గూట్లో పెట్టేసింది."

ఆ అత్తగారిది ద్వేషము గాదు, ప్రేమయే. మనవనియం దామెకు గల ప్రేమయే ఆ మాత్రలను గూటిలో దాచినది. విద్యావతుల యిండ్లలోను ఇట్టి మాట వినవచ్చును. మలము నల్లబడుట దేహము గ్రహింపగా మిగిలిన ఇనుము బయటికి బోవుటవలన గలుగును. దానికిని బిడ్డ రంగునకును సంబంధము లేదు. వికారముగ నున్నచో రాత్రి భోజనానంతరము వేసికొని పండుకొనవచ్చును. మలబద్ధమునకు నీరు, కూరలు, పండ్లు హెచ్చుగ దీసికొనవలెను. మాత్రను మానుట మాత్రము కూడదు.

ఎఱ్ఱమాత్ర పుట్టుక

పాండురోగమునకు ఇనుము మందని మన ప్రాచీనులకు దెలియును. చరకసంహిత చికిత్సాస్థానమున పాండురోగాధ్యాయమునందు లోహముతోడి యౌషధములు చెప్పబడినవి. కాని నేటి మాత్రలో ఇనుముతోబాటు ఫోలిక్ ఆమ్లమును గలదు. దీని చరిత్ర మన దేశముతోడను, ఒక తెలుగువానితోడను ముడివడినది.

1928లో లూసీ విల్స్ అను ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయికి వచ్చి, బీద మిల్లుకార్మిక కుటుంబముల గర్భిణులకు వచ్చు ఘోరమైన రక్తహీనతను బరిశీలించెను. నీలగిరులందలి కూనూరు పరిశోధనాలయమునను ఆమె పనిచేసెను. ఈస్టు సారముతో జేసిన చవుకయైన మార్మైట్ అను ఆహారపదార్థము వారిని బ్రతికించుటను గని 1931లో ప్రకటించెను. అందు దాగిన పదార్థమును 1941లో పాలకూర ఆకులనుండి వేఱుచేసి, ఆకునుండి వచ్చినదను అర్థమున ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. దానిని ప్రయోగశాలలో తయారుచేయు విధమును 1945లో అమెరికాలోని లెడర్లే సంస్థలో సాధించిన బృందమునకు నాయకుడు, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. యౌవనమున స్ప్రూ అను గ్రహణివంటి వ్యాధిచే సోదరులను గోల్పోయి, తానును ఆ వ్యాధి బాధపడిన మహనీయుడు దాని చికిత్సకే పనికివచ్చు ఔషధమును లోకమునకిచ్చుట ఆశ్చర్యము గదా! కూనూరులో 1918న మొలకెత్తిన పోషకాహార పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగ ప్రసిద్ధిగాంచినది.

1970 నుండి మనదేశమున గర్భిణులకు ఈ మాత్రలిచ్చు పద్ధతి గలదు. 2018లో రక్తహీనతా నిర్మూలనోద్యమము దీనిని మఱల బలపఱచినది. ఇపుడిచ్చు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుమును, అర మిల్లీగ్రాము ఫోలిక్ ఆమ్లమును గలవు. నాల్గవ మాసము మొదలు దినమున కొకటి చొప్పున 180 దినములు, ప్రసవానంతరము మఱల 180 దినములు వేసికొనవలెను. నాల్గవ మాసము దాటిన పిదప పురుగులమాత్ర ఒకటి ఇత్తురు. మాత్రలు పడనివారికిని, రక్తము మఱీ తక్కువైన వారికిని నరముద్వారా ఇనుము నెక్కించు పద్ధతియు ఆసుపత్రులలో గలదు. తెలంగాణమున 2015లో ఆరంభమైన ఆరోగ్యలక్ష్మి పథకము గర్భిణులకును బాలింతలకును అంగన్‌వాడీలో ఒకపూట నిండుభోజనము, గ్రుడ్డు, పాలు ఇచ్చుటకు ఏర్పడినది. దూరపు గూడెపు స్త్రీ మోసికొనిపోయి ఇంటిల్లిపాదికిని పంచక, అచ్చటనే కూర్చుండి తినుట దీని యుద్దేశము. ఇది లోకానుభవమెఱిగిన ఏర్పాటు.

వంటయింట మనము చేయదగినది

ఎఱ్ఱనివన్నియు రక్తమిచ్చునను నమ్మకము గలదు. దానిమ్మ, బీట్‌రూటు మంచివే గాని వానియెఱుపు ఇనుము గాదు. రాగులు, సజ్జలు, నువ్వులు, సెనగలు, తోటకూర, మునగాకు, పొన్నగంటికూర మున్నగువానిలో ఇనుము గలదు. అయినను కూరధాన్యములలోని ఇనుమును దేహము కొలదిగనే గ్రహించును. పులుపు దీనికి సాయపడును. కనుక కూరపై నిమ్మరసము పిండుకొనుట, భోజనమున ఉసిరిక, పిదప జామపండు తినుట మేలు. మాంసాహారపు అలవాటు గలవారికి చేప, మాంసము, కాలేయములలోని ఇనుము సులభముగ బట్టును.

ఆకుకూరలను మితిమీఱి ఉడికించి నీరు పాఱబోసినచో ఫోలిక్ ఆమ్లము చాలవఱకు నశించును. కొంచెము నీటిలో మూతపెట్టి వండి ఆ నీటిని కూరలోనే ఇగిరింపవలెను. ఇనుప మూకుడులో వండుట మంచిది. భోజనము వెంటనే తేనీరు, కాఫీ త్రాగినచో ఇనుము వంటబట్టదు. ఒక గంటయైన ఎడముండవలెను. పాలతోను, కాల్సియము మాత్రతోను ఇనుపమాత్ర వేసికొనరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది వడ్డనక్రమము. మగవారు, పిల్లలు, అతిథులు తినిన పిదప మిగిలిన మజ్జిగన్నమును, అడుగంటిన పులుసును తినుట కోడలి ధర్మమని కొన్ని యిండ్ల మర్యాద. అందఱికంటె ఎక్కువ ఇనుము గావలసినది ఆమెకే. కడుపునిండ దిన్నచో బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగునను భయమున చూలాలికి అన్నము తగ్గించువారును గలరు. దానిచే తల్లి బలము తగ్గును, బిడ్డ బరువు తగ్గును, కష్టము మాత్రము తగ్గదు. బాలింతకు ఆకుకూరలు, పప్పు మాన్పించి కారపుపొడి అన్నముతో నెలలు గడపు పథ్యమును గూడ విడువవలెను. పోయిన రక్తము తిరిగి రావలసినది అపుడే.

సోదరీమణులారా! గర్భవతికి గాజులు తొడుగుదుము, పసుపుకుంకుమ లిత్తుము, చలిమిడి పెట్టుదుము. ఈ మంగళాచారములతో రక్తపరీక్షను గూడ జేర్చుకొందము. గర్భము దెలిసినపుడు ఒకసారి, పిదప ఆశా కార్యకర్తయో నర్సుయో చెప్పినట్లు ప్రతి దర్శనమునందును హిమోగ్లోబిన్ చూపించి, ఆ సంఖ్యను ఇంటిగోడ పంచాంగముపై వ్రాసియుంచుకొందము. కొండప్రాంతమున నున్నవారు తమ యూరి ఎత్తెంతో వైద్యుని అడిగి తెలిసికొందురు గాక. ఇంటికి కట్టెలు, కూరలు, చింతపండు తెచ్చు అడవి సోదరి నిండుచూలాలై కనిపించినపుడు బేరమాడుటకు ముందు "మాత్రలు వేసుకుంటున్నావా తల్లీ?" అని యొకమాట అడిగినచో మనకు బోవున దేమియు లేదు. గూటిలో దాగిన ఎఱ్ఱమాత్రలు ఆ ఒక్కమాటతో బయటికి రావచ్చును. ఒక తల్లి ప్రసవగండము దాటి బిడ్డ నెత్తుకొని మఱల సంతకు రావచ్చును.